చెరువు తూము ఎవరిది?
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో సాహిత్యమును గూర్చి మాటాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను లెక్కలు వ్రాయువాడను. నాకు తెలిసిన కొలది సాహిత్యమును ఈ గ్రంథాలయపు బీరువాలే నేర్పినవి. కావున సాహిత్యముతో ఆరంభించి లెక్కలలోనికి దిగుదును. క్షమింపుడు.

మహాభారత సభాపర్వమున నారదుడు ధర్మరాజు కొలువునకు వచ్చి కుశల ప్రశ్నలు వేయును. అవి చదివినపుడెల్ల నాకొక తనిఖీ అధికారి జ్ఞప్తికి వచ్చును. నీ రాజ్యమున చెరువులు నిండియున్నవా, అవి అన్ని భాగములందును ఉన్నవా, సేద్యము వానదేవుని దయపైననే ఆధారపడి లేదు గదా, కర్షకునకు విత్తనమునకు, తిండికి లోటు లేదు గదా, స్వల్పమైన వడ్డీకి అప్పు దొరకుచున్నదా అని అడుగును. అంతటితో ఆగక, జనపదమున అయిదుగురు చొప్పున శుచియు ప్రజ్ఞయు గలవారు కలసి క్షేమము చూచుచున్నారా యనియు అడుగును. చెరువు, విత్తనము, అప్పు, ఇవన్నియు రాజు బాధ్యతలే. కాని చూచు కన్ను ఊరిలో నుండవలెనని ముని యభిప్రాయమైనట్లు నాకు తోచినది. పండితులు వేరుగా చెప్పవచ్చును.

మన దేశమున 1952 అక్టోబరు 2వ తేదీన సమాజాభివృద్ధి పథకము మొదలయ్యెను. బ్లాకు వచ్చినది, జీపు వచ్చినది, గ్రామసేవకుడు వచ్చెను. ప్రజలు మాత్రము రాలేదు. ఏల రాలేదో విచారించుటకు 1957లో బల్వంతరాయ్ మెహతాగారి అధ్యక్షతన ఒక సంఘమును వేసిరి. అభివృద్ధి పనులను, వానికి కావలసిన ధనమును ఎన్నికైన సభల కప్పగించిననే గాని ప్రజలు వానిని తమవనుకొనరని ఆ సంఘము తేల్చెను. ఆంధ్రప్రదేశము 1958 జూలైలో జిల్లాకొకటి చొప్పున 20 సమితులతో పరీక్ష చేసి, మరుసటి యేట శాసనము గావించెను. 1959 అక్టోబరు 11వ తేదీన నెహ్రూగారు షాద్‌నగరులో ఆ వ్యవస్థను ప్రారంభించిరి. రాజస్థానములోని నాగౌరులో అంతకు తొమ్మిది దినముల ముందే ఆయన చేతిమీదుగా ఇట్టి ప్రారంభము జరిగియుండెను.

ఆనాటి సమితి చేతిలో వ్యవసాయ విస్తరణ, ప్రాథమిక పాఠశాలలు, పశుపోషణ, చిన్న చెరువులు, ఊరి బాటలు ఉండెను. బ్లాకు అధికారి సమితి తీర్మానమును అమలుపరచు ఉద్యోగి. జిల్లా పరిషత్తునకు అధ్యక్షుడు ఎన్నికైనవాడే యైనను, దాని స్థాయీ సంఘములకు కలెక్టరే అధ్యక్షుడు. ఇచ్చిన చేయి పూర్తిగా విడువలేదని అప్పుడే తెలిసికొనవలసినది.

తరువాతి చరిత్ర నాకు జమ తరిగి ఖర్చు పెరిగిన ఖాతావలె కనబడును. 1978లో నివేదిక నొసగిన అశోక్ మెహతా సంఘము 1964 వరకు ఎదుగుదల, 1969 వరకు స్తబ్ధత, ఆపైన క్షీణత అని మూడు దశలుగా చెప్పినది. ఆ క్షీణకాలముననే చిన్న రైతుల కొక సంస్థ, కరవు ప్రాంతముల కొక పథకము అని సమితికి వెలుపల ద్వారములు తెరచిరి. 1980లో జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థలు వచ్చినవి. అవి సొసైటీలుగా రిజిస్టరు కాబడినవి; వానికి కలెక్టరు పెద్ద. డబ్బు వాని ఖాతాకే చేరెను. పేదకు గేదెను ఇప్పించు పని యొకచోట, ఆ గేదెకు వైద్యము మరియొకచోట, గడ్డి పెరుగు పోరంబోకు వేరొకచోట! మన రాష్ట్రమున 1986 నాటి శాసనముతో సమితులు పోయి మండలములు వచ్చెను. ప్రజలకు కార్యాలయము దగ్గరయ్యెను. అధికారము దగ్గర కాలేదు.

1993 ఏప్రిల్ 24 నుండి 73వ రాజ్యాంగ సవరణ అమలులోనికి వచ్చినది. పదునొకండవ షెడ్యూలులో 29 విషయములు కలవు. వ్యవసాయము మొదటిది, చిన్న నీటి వనరులు మూడవది, గ్రంథాలయములు ఇరువదవది, సంతలు ఇరువది రెండవది. ఇవన్నియు పంచాయతీలకు సంక్రమించినవని సభలలో చెప్పుదురు. రాజ్యాంగమును తెరచి చదివినచో అట్లు లేదు. రాష్ట్ర శాసనసభ ఆ యధికారములను ‘ఇవ్వవచ్చును’ అని యున్నది. ‘ఇవ్వవలెను’ అని లేదు. ఒక్క క్రియాపదమున ఎంత యాస్తి నిలిచిపోయెనో చూడుడు!

మా చెరువు కథ చెప్పెదను. తూము తలుపు విరిగెను. పంచాయతీవారు చెరువు తమది కాదనిరి. నీటిపారుదల కార్యాలయమువారు ఈ యేడు అంచనాలు ముగిసినవనిరి. ఉపాధి పనులవారు పూడిక తీయింతుము గాని ఇనుప తలుపు మా పద్దులో చేరదనిరి. ముగ్గురును మర్యాదగానే చెప్పిరి, ముగ్గురు చెప్పినదియు నిజమే. ఇంతలో చివరి ఆయకట్టు మళ్లు ఎండిపోయినవి. తుదకు రైతులే చందా వేసికొని కమ్మరిచేత బాగుచేయించిరి. కార్యాలయముల చుట్టు తిరిగిన బస్సు చార్జీలను అలవాటుకొద్ది నేను వ్రాసియుంచితిని. కమ్మరికిచ్చినది అంతకంటె తక్కువ.

అట్లని సమస్తమును గ్రామ పంచాయతీ కిమ్మని నేననను. ఆ చెరువు నీరు మూడు గ్రామములకు పారును. ధాన్యపు గిడ్డంగి, సంతకు పోవు బాట, పాల శీతల కేంద్రము, ఇవి యేయొక్క గ్రామముతోను తెగునవి కావు. 1959లో సమితిని పెట్టినది ఇందుకొరకే. విచిత్రమేమనగా 2015 నుండి 2020 వరకు పదునాల్గవ ఆర్థిక సంఘము పంచాయతీలకు కేటాయించిన రెండు లక్షల కోట్లకు పైబడిన ధనమంతయు గ్రామములకే పోయెను. మండలమునకు, జిల్లాకు అందులో పైస లేదు. పదునైదవ సంఘము ఆ లోపమును సవరించి మూడంచెలకును పంచెను గాని, అందు నూటికి అరువది నీటికి, పారిశుధ్యమునకు కట్టుబడినది.

2022 ఏప్రిల్ 1 నుండి కేంద్రము జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థల పాలనా పథకమును నిలిపి, వానిని జిల్లా పరిషత్తులలో కలుపుకొనుమని రాష్ట్రములకు చెప్పెను. నలువది రెండేండ్లకు వచ్చిన మాట అది. బల్లలు, బీరువాలు, ఉద్యోగులు మాత్రము కదలి, ఏ పని ఎక్కడ చేయవలెనను నిర్ణయము కదలనిచో ఆ కలయిక పేరు పలకను మార్చుటయే యగును. కేరళమున 1996లో వేరు మార్గము త్రొక్కిరి. రాష్ట్ర ప్రణాళికా ధనమున నూటికి ముప్పదియైదు మొదలు నలువది వంతులు స్థానిక సభలకు ముందుగనే కేటాయించి, తరువాత ప్రణాళిక వ్రాయుడనిరి. ముందు ధనము, పిదప నేర్పు. మనము నేర్పు వచ్చిన పిమ్మట ధనమిత్తుమందుము. ఈతకు తగిన నేర్పు లేదని ఏటిలో దిగనీయని తండ్రివలె నున్నది మన వ్యవహారము.

ఇక ఆక్షేపణ. ఊరి పెద్దల చేతికి డబ్బు వచ్చిన మింగుదురందురు. కాదనను. సాక్ష్యము ఈ గదిలోనే కలదు. 1960 నాటి గ్రంథాలయ శాసనమును బట్టి ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసల చొప్పున పంచాయతీ గ్రంథాలయ పన్ను వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టవలెను. మనము ఇంటింట కట్టిన ఆ పైసలు ఏండ్ల తరబడి వీధి దీపములకు, జీతములకు మరలిన పంచాయతీలను నేనెరుగుదును. పైవారు తమ ధనమును పట్టిరని వాపోవువారే క్రిందివారి ధనమును పట్టుట చూచినచో నవ్వును దుఃఖమును కలసి వచ్చును. ఐనను ఇది అధికారమును నిరాకరించుటకు కారణము కాదు. జిల్లా కార్యాలయమున జరిగిన తప్పును పదేండ్ల పిదప ఆడిటు నివేదికలో చదువుదుము. ఊరిలో జరిగిన తప్పును మరునాడే రచ్చబండపై అడుగవచ్చును. అడుగుటకు చేతిలో కాగితముండవలెను, అంతే.

ఆ కాగితము కొరకే నేనీ సభలో నిలిచితిని. మన పంచాయతీ వార్షిక ప్రణాళిక, జమాఖర్చుల ప్రతులు, గ్రంథాలయ పన్ను వసూలు పట్టిక, మండల పరిషత్తు మన చెరువునకు చేసిన తీర్మానములు, ఇవి దినపత్రికలతో పాటు పఠన మందిరపు బల్లపై నుండవలెనని కోరుచున్నాను. చదువుట కష్టమైనవారికి ఆదివారము సాయంకాలము నేను చదివి వినిపింతును. కార్యదర్శిగారు తల యూపుచున్నారు. ఆ పద్దులోని మొదటి పట్టికను ఇదిగో, వారి కందజేయుచున్నాను.