సేవకు తగిన వయస్సు

పరులకు తోడ్పడవలెనను సంకల్పము అనేకుల హృదయములందున్నను, తమ వయస్సునకును శక్తికిని తగిన కార్యమేదియో తెలియకపోవుటచే అది తరచుగా సంకల్పముగనే మిగిలిపోవుచున్నది. బాలురు పెద్దల పర్యవేక్షణమున పాఠశాలలో మొక్కలు పెంచవచ్చును. కళాశాల విద్యార్థులకు, గాంధీజీ శతజయంతి వత్సరమగు 1969లో వెలసిన జాతీయ సేవాపథకము కలదు; అందు చేరినవారు ఏటేట 120 గంటల చొప్పున రెండేండ్లు సమాజసేవ చేయుదురు. 18 ఏండ్లు నిండిన ఆరోగ్యవంతులు రక్తదానము చేయవచ్చును. ఉద్యోగవిరమణ చేసిన పెద్దలు అంధవిద్యార్థులకై పాఠ్యగ్రంథములను చదివి ధ్వనిముద్రణము గావింపవచ్చును.

అయితే, పని యొప్పగించువారు కాలమును, కర్తవ్యమును, మార్గదర్శకుని ముందుగనే నిర్ణయించి, వచ్చినవారి శ్రమను గౌరవించిననే సేవాసక్తి నిలుచును. సేవకులును వారమునకు రెండు గంటలే యైనను, ఇచ్చిన మాట తప్పరాదు. మీ యూరి గ్రంథాలయమునో, పాఠశాలనో, వైద్యశాలనో సమీపించి, ఏ పనికి మనుష్యులు కావలెనో నేడే విచారింపుడు.