వేలూరు నేర్పిన మాట



చిత్తూరు సీమను ఆనుకొన్న వేలూరు తెలుగు కుటుంబాలకు పరాయి పట్టణం కాదు. అక్కడి క్రైస్తవ వైద్యశాలకు మూలం ఒక రాత్రి జరిగిన విషాదం. 19వ శతాబ్ది చివర తిండివనంలో, ప్రసవవేదన పడుతున్న ముగ్గురు స్త్రీల భర్తలు ఒకరి వెంట ఒకరుగా మిషనరీ వైద్యుని కుమార్తె ఐడా స్కడర్‌ను ఆశ్రయించారు. ఆమెకు వైద్యం రాదు. తండ్రి వైద్యుడే, కాని పరపురుషుడు ప్రసవగదిలో అడుగిడుటకు వారు సమ్మతించలేదు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ మరణించారు. 1900లో ఆమె వైద్యురాలై వేలూరు చేరారు. 1918లో స్త్రీల కొరకే వైద్య పాఠశాల నెలకొల్పారు. ఆడపిల్లలకు వైద్యవిద్య అబ్బునా అని శంకించినవారికి 1922లో చదువు ముగించిన తొలి బృందమే సమాధానం.

నాటి బిడియం నేటికీ పూర్తిగా తొలగలేదు. సమర్త పేరంటానికి ఊరంతటినీ పిలిచే ఇల్లు, ఆ పిల్లకు జరిగినదేమిటో చెప్పుటకు మాత్రం వెనుకాడుట వింతే! ముట్టుగుడ్డను ఆమె చీకటి మూలలో ఆరవేస్తుంది. దానికి కావలసినది మంచి ఎండ. 2018లో శానిటరీ ప్యాడ్లపై జి.ఎస్.టి. తొలగింది. అయినా బడిలో గడియ గల మరుగుదొడ్డి, నీరు, మూత ఉన్న చెత్తబుట్ట లేనిచో ప్యాడ్ ఒక్కటే ఏమి చేయగలదు? రజస్వల కాకముందే, పదేళ్ల ప్రాయంలోనే, తల్లి గాని ఉపాధ్యాయిని గాని ఈ సంగతి వివరించాలి. నెలనెలా బడి మానవలసినంత నొప్పి, అధిక రక్తస్రావం ఉన్న పిల్లను ఓర్చుకొమ్మనక వైద్యురాలికి చూపించాలి.