నెయిల్ గన్: ట్రిగ్గర్ మీద వేలు పెట్టి నడవొద్దు బ్రో!

ఇవాళ టాపిక్ గన్. గేమ్‌లో గన్ కాదండోయ్, కార్పెంటర్ అన్నలు మేకులు కొట్టే నెయిల్ గన్.

హైదరాబాద్‌లో ఇంటీరియర్ పని జరిగే ఫ్లాట్‌కి వెళ్తే "టప్ టప్" అని సౌండ్ వస్తుంది కదా, అదే. మూలన కంప్రెసర్, దానికో పైపు, చివర గన్. అమెరికాలో ఇళ్లనే ఎక్కువగా చెక్కతో కడతారు, కాబట్టి అక్కడ గన్‌లూ పెద్దవే, మేకులూ పెద్దవే. అక్కడి ప్రభుత్వ సంస్థలు ఓషా, నియోష్ కలిసి 2011లో ఒక గైడ్ ఇచ్చాయి. దాని ప్రకారం నెయిల్ గన్ దెబ్బలతో ఏడాదికి సుమారు 37,000 ఎమర్జెన్సీ కేసులు. సగానికి పైగా గాయాలు చేతికి, వేళ్లకే.

ఎందుకిలా? అసలు లాజిక్ ట్రిగ్గర్‌లో ఉంది. గన్ పేలాలంటే రెండు జరగాలి: ముక్కు చెక్కకి నొక్కుకోవాలి, ట్రిగ్గర్ నొక్కాలి. కాంటాక్ట్ ట్రిగ్గర్‌లో ఏది ముందైనా ఓకే. అంటే ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని నిచ్చెన దిగుతుంటే, ముక్కు తొడకి తగిలిందనుకోండి, మేకు తొడలోకే. పైగా గన్ వెనక్కి తన్ని మళ్లీ ఆనితే రెండో మేకు కూడా దిగుతుంది. ఫుల్ సీక్వెన్షియల్ ట్రిగ్గర్ మాత్రం ఆర్డర్ చెక్ చేస్తుంది. ముందు ముక్కు, తర్వాత ట్రిగ్గర్, ప్రతి మేకుకీ మళ్లీ మొదట్నుంచీ. కోడ్ రాసేవాళ్లకి వెంటనే అర్థమవుతుంది: కండిషన్లు అవే, సీక్వెన్స్ మారింది. కాంటాక్ట్ ట్రిగ్గర్‌తో గాయం రిస్క్ దాదాపు రెట్టింపు అని ఆ గైడే చెప్తోంది.

"స్పీడ్ తగ్గిపోతుంది కదా?" అంటారు. పని లెక్కన డబ్బులొచ్చే అన్నకి అది నిజమైన ప్రశ్నే. అనుభవమున్న 10 మంది కార్పెంటర్లతో చిన్న షెడ్లు కట్టించి చూశారు. మేకులు కొట్టే టైమ్‌లో కాంటాక్ట్ 10 శాతం ఫాస్ట్. కానీ మొత్తం పని టైమ్‌లో చూస్తే తేడా 1 శాతం కూడా లేదు! ఆ 1 శాతం కోసం వేలు పణంగా పెట్టాలా?

ఇప్పుడు స్క్రీన్‌షాట్ తీసుకోండి:

1. సీక్వెన్షియల్ ట్రిగ్గర్ వాడండి. చాలా మోడల్స్‌కి ట్రిగ్గర్ విడిగా కూడా దొరుకుతుంది.
2. చెక్క పట్టుకున్న చెయ్యి మేకు దిగే చోటుకి అడుగు దూరంలో ఉండాలి. ముడి తగిలితే మేకు పక్కకి తిరుగుతుంది.
3. మేకు ఇరుక్కుంటే, ముందు గాలి పైపు పీకండి, తర్వాతే చెయ్యి పెట్టండి.
4. ముక్కు దగ్గర స్ప్రింగ్ తీసేయడం, ట్రిగ్గర్‌కి టేప్ చుట్టడం అస్సలొద్దు.
5. కళ్లద్దాలు తప్పనిసరి.

దెబ్బ తగిలిందా? మేకు అక్కడే పీకేయొద్దు. దాని మీద ఉండే ప్లాస్టిక్, జిగురు లోపలే ఉండిపోవచ్చు, నరం కూడా తెగొచ్చు. కదలకుండా పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి, లేదా 108కి కొట్టండి. అలాంటి మేకే ఇంకోటి తీసుకెళ్లి డాక్టర్‌కి చూపించండి. చిన్న చిల్లే కదా అని వదిలేయొద్దు, లోపల ఎముకకి తగిలి ఉండొచ్చు.

మీ నాన్నో, బాబాయో, అన్నయ్యో ఈ పనిలో ఉంటే ఈ వీడియో ఇవాళే వాట్సాప్ చేయండి. మీ ఇంట్లో పని జరుగుతుంటే మాత్రం, "అన్నా, తొందరేం లేదు, నిదానంగా కానివ్వు" అని ఒక్క మాట చెప్పండి. చాలాసార్లు ఆ తొందర మన దగ్గర్నుంచే మొదలవుతుంది. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!