తోళ్ళ పరిశ్రమ కాలుష్యం: ప్రజాధనం ఎటు వెళ్ళాలి?

(మైనారిటీ హక్కుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మైనారిటీ హక్కుల సదస్సులో తోళ్ళ గురించీ మురుగునీటి గురించీ మాట్లాడవలసిన అవసరం ఏమిటని కొందరు మిత్రులు మమ్మల్ని ముందే ప్రశ్నించారు. రిజర్వేషన్లు, వక్ఫ్ ఆస్తులు, ఉపకార వేతనాలు మనకు అలవాటైన చర్చలు. వాటి ప్రాధాన్యాన్ని మేము తగ్గించడం లేదు. కానీ ఈ దేశంలో తరతరాలుగా ముస్లిముల చేతిలో నిలిచిన కొద్ది పరిశ్రమలలో తోళ్ళ శుద్ధి ఒకటి. కాన్పూరులోని జాజ్‌మౌలో గానీ, పాలారు ఒడ్డున ఉన్న వాణియంబాడి, ఆంబూరు, రాణిపేటలలో గానీ ట్యానరీల యజమానులలో ముస్లిములు ఎక్కువ. తొట్ల దగ్గర, డ్రమ్ముల దగ్గర పనిచేసేవారు ముస్లిములు, దళితులు. ఆ నీరు చేరిన పొలాల రైతులలో అన్ని కులాలవారూ, అన్ని మతాలవారూ ఉన్నారు. లాభం ఒక చోట, జబ్బు మరొక చోట, పంట నష్టం ఇంకొక చోట పడిన ఈ వ్యవహారంలో ప్రభుత్వం ఖర్చు పెట్టే సొమ్ము ఎవరికి చేరుతున్నదన్నది హక్కుల ప్రశ్నేనని మా అభిప్రాయం.

తోళ్ళ వ్యాపారం మనకు ఏమిచ్చిందో ముందుగా చెప్పుకోవాలి. వాణియంబాడిలో ఇస్లామియా కళాశాల 1919లో మొదలైంది. ఆ ప్రాంతంలో బడులను, మదరసాలను, ఆసుపత్రులను నిలబెట్టిన దాతలలో తోళ్ళ వర్తకులు ముందు వరుసలో ఉన్నారు. మన ఊళ్ళలో కూడా బక్రీదు నాడు ఖుర్బానీ తోళ్ళు మదరసాలకు ఇవ్వడం ఆనవాయితీ. అనాథ పిల్లల భోజనానికి, ఉస్తాదుల జీతాలకు ఆ సొమ్ము ఎంతో ఆసరాగా ఉండేది. గత పదేళ్ళలో ఆ ఆసరా కరిగిపోయింది. వందల రూపాయలు పలికిన గొర్రెతోలు పదుల రూపాయలకు పడిపోయింది. తోలుకు పట్టించే ఉప్పు, కూలీ, ఆటో కిరాయి లెక్క వేసుకుంటే చేతి డబ్బు పోతున్నదని కొన్ని మదరసాలు తోళ్ళు తీసుకోవడమే మానివేశాయి. పండుగ మరునాడు మన వాడలలో కుళ్ళుతున్న తోళ్ళ కుప్పలు చూడనివారు ఈ సభలో ఉండరు.

ధర పడిపోవడానికి కారణాలు అనేకం. చెప్పులలోకి, సంచులలోకి కృత్రిమ తోలు వచ్చి పడింది. మొక్కల నుంచి చేసినదని గొప్పగా అమ్ముతున్న తోలులో కూడా చాలావరకు ప్లాస్టిక్ పూత ఉంటుందన్నది వేరే సంగతి. కాన్పూరు ట్యానరీలు పదే పదే మూతబడడం మరొక కారణం. 2019 అర్ధకుంభమేళా పేరుతో మూయించిన కర్మాగారాలలో చాలా భాగం మేళా ముగిసిన తరువాత కూడా నెలల తరబడి తెరుచుకోలేదు. దీనిని వివక్షగా చూసినవారున్నారు. వారి అనుమానానికి ఆధారం లేదని మేము అనము. అయితే గంగలో కలిసిన క్రోమియం మాత్రం నిజం. ఆ నిజాన్ని దాటవేసి హక్కుల వాదన చేస్తే అది నిలబడదు.

క్రోమియం ఎలా వచ్చిందో కాస్త వివరంగా చెప్పనివ్వండి. పచ్చి తోలు కుళ్ళకుండా ఉప్పు పట్టిస్తారు. ట్యానరీలో ఆ ఉప్పును కడిగివేస్తారు. తరువాత వెంట్రుక ఊడడానికి సున్నంలో, సోడియం సల్ఫైడులో నానబెడతారు. చివరకు క్రోమియం లవణంతో తోలును శుద్ధి చేస్తారు. ప్రపంచంలో తయారయ్యే తోలులో 80 శాతానికి పైగా ఈ పద్ధతిలోనే తయారవుతున్నది. చెక్కరసంతో వారాల తరబడి సాగే పని క్రోమియంతో ఒక్క రోజులో ముగుస్తుంది. పాత పద్ధతిలో వాడిన క్రోమియంలో 60, 70 శాతాన్ని మాత్రమే తోలు పీల్చుకుంటుంది. మిగిలినది నీటితోపాటు బయటికి పోతుంది.

ఆ నీటి కథ మొదట చేరిన పెద్ద న్యాయస్థానం సుప్రీంకోర్టు. ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో 1987 సెప్టెంబరులో జాజ్‌మౌ ట్యానరీలపై తీర్పు వచ్చింది. కనీస వేతనం ఇవ్వలేని పరిశ్రమ నడవడానికి వీలు లేనట్లే, ప్రాథమిక శుద్ధి యంత్రం పెట్టుకోలేని ట్యానరీ నడవడానికి కూడా వీలు లేదని కోర్టు తేల్చింది. యజమాని దగ్గర డబ్బు ఉన్నదా లేదా అన్నది లెక్కలోకి రాదన్నది. ఆ మాట న్యాయమైనదే. కానీ రోజుకు నాలుగు తోళ్ళు శుద్ధి చేసే చిన్నవాడికీ వేల తోళ్ళు ఎగుమతి చేసే పెద్దవాడికీ అది ఒకే విధంగా వర్తించింది. ప్రజాధనం అవసరమయ్యేది ఇక్కడే.

ప్రజాధనం రాలేదా అంటే వచ్చింది. నెదర్లాండ్స్ ప్రభుత్వ సహాయంతో జాజ్‌మౌలో 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం మొదలైంది. అందులో ట్యానరీల నీటికి కేటాయించినది రోజుకు 90 లక్షల లీటర్లు. నాటికి 175 వరకు ఉన్న ట్యానరీలు ఆ తరువాత 400 దాకా పెరిగాయి. శుద్ధి అయిందన్న నీటిని ఊరి మురుగుతో కలిపి పొలాలకు వదిలారు. ఆ నీటితో పండించిన రైతుల చర్మం మీద పుండ్లు లేచాయి, పైర్లు దెబ్బతిన్నాయి. ఇప్పుడు నమామి గంగే కింద రోజుకు 2 కోట్ల లీటర్ల సామర్థ్యంతో మరొక కేంద్రం నిర్మించారు. ఖర్చు 600 కోట్ల రూపాయలకు పైమాటే.

పాలారు కథ మన గడప పక్కనే జరిగింది. ఆ నది కర్ణాటకలో పుట్టి, చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతం గుండా ప్రవహించి తమిళనాడులో అడుగుపెడుతుంది. 1996 ఆగస్టు 28న వెల్లూరు పౌరుల సంక్షేమ వేదిక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పర్యావరణ న్యాయశాస్త్రానికి పునాది వంటిది. కాలుష్యం చేసినవారే నష్టం భరించాలన్న సూత్రం మన చట్టంలో భాగమని ఆ తీర్పు ప్రకటించింది. ట్యానరీల ప్రాంతంలో సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి పూర్తిగానో కొంతవరకో పాడైందన్న నివేదిక కోర్టు ముందుకు వచ్చింది. దిండిగల్ పరిసరాలలోని 13 గ్రామాలలో 467 బావులను పరిశీలిస్తే 350 బావుల నీరు చెడిపోయినట్లు తేలింది. నష్టం లెక్కకట్టడానికి ఏర్పడిన ప్రాధికార సంస్థ 2001లో వెల్లూరు జిల్లాలో 29 వేల మందికి పైగా బాధితులను గుర్తించి, మొత్తం సుమారు 27 కోట్ల రూపాయల పరిహారం నిర్ణయించింది. భాగించి చూడండి. తలకు పదివేలు కూడా రాలేదు. తరాలు బతికిన భూమికి కట్టిన వెల అది. 2025 జనవరి 30న సుప్రీంకోర్టు అదే పాలారు వ్యవహారంలో మళ్ళీ జోక్యం చేసుకొని, బాధితులకు ముందు ప్రభుత్వం చెల్లించి తరువాత కాలుష్యం చేసినవారి నుంచి రాబట్టాలని ఆదేశించింది. రెండు తీర్పుల మధ్య 28 ఏళ్ళు గడిచాయి.

ఈ మధ్యకాలంలో ఆ ప్రాంతంలో ఉమ్మడి శుద్ధి కేంద్రాలు రాలేదని కాదు. వచ్చాయి, కోట్లు ఖర్చయ్యాయి. అయితే ఈ కేంద్రాలు మలినాన్ని నీటి నుంచి తీసి మరొక చోట పేరుస్తాయి. కరిగిన ఉప్పును వేరుచేయాలంటే నీటిని ఆవిరి చేయాలి. మిగిలే ఉప్పును కొనేవారు లేరు. క్రోమియం మడ్డిని గుట్టలుగా పోస్తారు. 2015 జనవరి చివరి రాత్రి రాణిపేట పారిశ్రామికవాడలో శుద్ధి కేంద్రం మడ్డి తొట్టి గోడ కూలింది. పక్క ట్యానరీలో నిద్రిస్తున్న కార్మికుల మీదికి ఆ మడ్డి విరుచుకుపడింది. పదిమంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది పశ్చిమ బెంగాల్ నుంచి పొట్టచేత పట్టుకొని వచ్చినవారు. పని చేసిన చోటనే పడుకున్నారు, వారికి వేరే వసతి లేదు. కాలుష్యాన్ని అరికట్టడానికి కట్టిన కట్టడమే వారి ప్రాణాలు తీసింది.

కాబట్టి మా వాదన ఇది: ప్రజాధనంలో పెద్ద భాగం గొట్టం చివర కాక గొట్టం మొదట ఖర్చు కావాలి. విషం పుట్టిన తరువాత వడపోయడం కన్నా విషం వాడే అవసరాన్ని తగ్గించడం చౌక, క్షేమం కూడా.

ఇది సాధ్యమేనా అని అడగవచ్చు. చెన్నైలోని కేంద్ర తోళ్ళ పరిశోధనా సంస్థ 1948 నుంచి పనిచేస్తున్నది. సున్నం, సల్ఫైడుల వాడకాన్ని బాగా తగ్గించి ఎంజైములతో వెంట్రుక ఊడదీసే పద్ధతులను, నీరు లేకుండా క్రోమియం పట్టించే పద్ధతిని అక్కడి శాస్త్రవేత్తలు రూపొందించారు. ఎంజైములంటే సూక్ష్మజీవులు తయారుచేసే పదార్థాలే. ఇక చెక్కరసం సంగతి మన పెద్దలకు తెలుసు. తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయలతో మన మాదిగ సోదరులు లందలలో తోలు ఊనిన చరిత్ర తెలుగునాట ఊరూరా ఉంది. తంగేడు పువ్వును రాష్ట్ర పుష్పంగా గౌరవించుకున్న తెలంగాణలో, ఆ చెట్టు చెక్కకున్న విలువను మరచిపోయాము. తమిళనాడులో తంగేడు చెక్కతో శుద్ధి చేసిన తోలు ఒకప్పుడు సముద్రాలు దాటి ప్రసిద్ధికెక్కింది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. చెక్కరసంతో అన్ని రకాల తోళ్ళూ తయారు కావు. బూటు పైభాగానికి కావలసిన మెత్తదనం క్రోమియంతోనే సులువుగా వస్తుంది. చెక్కరసం నీరు కూడా శుద్ధి చేయకుండా వదిలితే చెరువును నల్లబరుస్తుంది. అడవుల్లో చెట్లు ఒలిచేస్తే మరొక అనర్థం. జీవాధారితం అన్న పేరు ఉన్నంత మాత్రాన ఏదీ పవిత్రం కాదు. మెట్టభూములలో తంగేడును పంటగా పెంచి, కొమ్మలు కొట్టి, మళ్ళీ చిగురించనిచ్చే పద్ధతికి డబ్బు ఇస్తే రాయలసీమలో, తెలంగాణలో రైతుకు కూడా ఒక ఆదాయం అవుతుంది.

ఐరోపాలో ఇటువంటి పరిశ్రమల కోసం 2021లో 200 కోట్ల యూరోల ఉమ్మడి కార్యక్రమం మొదలైంది. అందులో సగం ప్రజాధనం. అదే ఐరోపా 2015 మే నుంచి శరీరాన్ని తాకే తోలు వస్తువులలో ఆరు వేలెన్సీ క్రోమియం కిలోకు 3 మిల్లీగ్రాములు మించరాదని నిబంధన పెట్టింది. అక్కడి కొనుగోలుదారు పాదానికి రక్షణ దొరికింది. ఆంబూరు కార్మికుడి చేతికి చేతితొడుగు ఇంకా దొరకవలసి ఉంది.

మన దేశంలో పథకాలు లేకపోలేదు. పాదరక్షల, తోళ్ళ అభివృద్ధి పథకానికి 2026 వరకు 1,700 కోట్ల రూపాయలు కేటాయించారు. అందులో 500 కోట్లు పర్యావరణ విభాగానికి. ఉమ్మడి శుద్ధి కేంద్రానికి అయ్యే ఖర్చులో 70 శాతం, 200 కోట్లకు మించకుండా కేంద్రం భరించేలా ఆ పథకాన్ని రూపొందించారు. చూశారా, మళ్ళీ గొట్టం చివరే. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం బయో-ఈ3 విధానాన్ని ఆమోదించింది. జీవాధారిత రసాయనాలు, ఎంజైములు అందులో మొదటి రంగం. ఆ రెండు పథకాల మధ్య గోడ ఉంది. ఎంజైము తయారుచేసే పెద్ద కంపెనీకి ఒక శాఖ డబ్బు ఇస్తుంది, ఆ ఎంజైము వాడవలసిన చిన్న ట్యానరీ మరొక శాఖ గుమ్మం ముందు నిలబడి ఉంటుంది. మన రాష్ట్రాలలో తోళ్ళ పరిశ్రమల అభివృద్ధి సంస్థ, జనం భాషలో లిడ్‌క్యాప్, మినీ లెదర్ పార్కుల కోసం భూములు తీసుకొని చాలాచోట్ల బీడు పెట్టింది. అవి మాదిగలవీ మనవీ కావలసిన పనిశాలలు.

పెట్టవలసిన షరతు కూడా ఉంది. ప్రజాధనం తీసుకున్న ట్యానరీ తన కార్మికులకు ఏటా చర్మ, శ్వాసకోశ పరీక్షలు చేయించాలి. కాంట్రాక్టు కూలీకి కూడా ఈఎస్‌ఐ ఉండాలి. నీటి పరీక్ష ఫలితం గేటు ముందు బోర్డు మీద తెలుగులోనో, తమిళంలోనో, ఉర్దూలోనో రాయాలి. ఈ షరతులు వింటే మన వర్తక సోదరులలో కొందరు నొచ్చుకుంటారని మాకు తెలుసు. పక్కవాడి బావి పాడుచేసిన వ్యాపారం నుంచి వచ్చిన చందాతో మన సంస్థలు నడవాలా అన్న ప్రశ్న వారితో పాటు మనమూ వేసుకోవాలి.

చివరగా, మన చేతిలో ఉన్న చిన్న పని ఒకటి. బక్రీదు రోజుల్లో ప్రతి పట్టణంలో పురపాలక సంఘం ఖర్చుతో తోళ్ళ సేకరణ కేంద్రం, ఉప్పు, నీడ, వీలైనచోట చల్లని గది ఏర్పాటు చేయాలని కోరుతూ వినతిపత్రం సిద్ధం చేశాము. దానికి లెక్కలు కావాలి. మీ మొహల్లాలో కిందటి పండుగకు ఎన్ని తోళ్ళు వచ్చాయి, ఎన్ని అమ్ముడుపోయాయి, ఏ ధరకు, ఎన్ని చెత్తబండి ఎక్కాయి అన్న నాలుగు వివరాలను మసీదు కమిటీల ద్వారా, మదరసా నిర్వాహకుల ద్వారా సేకరించి ఈ నెలాఖరులోగా మాకు అందజేయండి. ఆ కాగితాలు పట్టుకొని కలెక్టర్ల దగ్గరికి వెళ్ళే ప్రతినిధి బృందంలో తోలు ఊనే మాదిగ సంఘాల వారిని కూడా కలుపుకొనే మాటలు ఇప్పటికే మొదలుపెట్టాము.