మురుగునీటి జమాఖర్చు

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున మురుగునీటి ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. మన గ్రంథాలయోద్యమమునకు నీటితో పాతబంధుత్వమున్నది. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా డెల్టా కాలువపై పడవలో గ్రంథాలయమును నడిపించిరి. పుస్తకములను మోసిన అట్టి కాలువలలోనికే నేడు ఊళ్లు తమ మురుగును వదలుచున్నవి. మన వీథుల మురుగును తుదకు ఏటిలోనే కలియుచున్నది.

మొదట లెక్క చూతము. 2019లో ఆరంభమైన జలజీవన్ మిషన్, పల్లెలలో మనిషి ఒక్కింటికి దినమునకు 55 లీటర్ల కుళాయినీరు అందవలెనని నిర్ణయించినది. 2,000 జనాభాగల ఊరికి 1,10,000 లీటర్లు. అందులో నూటికి 80 పాళ్లు మురుగై వెలువడునని ఇంజనీర్లు గణింతురు. అనగా దినమునకు 88,000 లీటర్లు. కుళాయి వచ్చిననాడు కొబ్బరికాయ కొట్టి జమ వ్రాసికొన్న ఊళ్లలో పెక్కు ఖర్చుపద్దునకు పుటయే తెరువలేదు.

ఆ నీరు ఏటిలో పడినపిదప అందలి కుళ్లును సూక్ష్మజీవులు ఆరగించును. ఆ పనికి నీటిలో కరగియున్న ప్రాణవాయువును వాడుకొనును. అది తరిగినచో చేపలు చచ్చి తేలును. మురుగు సారముచే గుర్రపుడెక్క బలిసి పారుదలను అడ్డగించును. మలము కలిసిన నీటివెంట కలరా, టైఫాయిడ్, కామెర్లు దిగువ గ్రామమునకు ప్రయాణించును. నీటిలో మలమూత్రములు విడువరాదని తైత్తిరీయారణ్యకమందలి అరుణప్రశ్నము నిషేధించినది. స్వయముగా ఆ పని చేయ వెరచువారమే గొట్టము చాటున నిత్యము చేయుచున్నాము.

దీనికి మార్గమున్నదని పంజాబు చూపినది. గురునానక్ సుల్తాన్‌పూర్ లోధీలో నివసించిన కాలమున స్నానమాడిన కాళీ బేయీ నది, ఊళ్ల మురుగుతోను గుర్రపుడెక్కతోను నిండిపోయెను. 2000లో సంత్ బల్బీర్ సింగ్ సీచేవాల్ గ్రామస్థులను వెంటబెట్టుకొని నదిలో దిగి చేతులతో శుభ్రముచేయ మొదలిడిరి. నదిని కడిగినంతమాత్రమున చాలదని గ్రహించి, ఊరి మురుగును బావులగుండ నడిపి, చెత్తను, జిడ్డును, మడ్డిని వేరుపరచి, చెరువున నిలిపి, పిదప పొలములకు పారించు పద్ధతిని వ్యాప్తిచేసిరి. 2017లో వారికి పద్మశ్రీ లభించినది.

ఆ చెరువునకు ఎంత భూమి కావలెను? 88,000 లీటర్ల చొప్పున 20 దినముల నీటిని నాలుగడుగుల లోతున నిలుపుటకు సుమారు 36 సెంట్లు. గట్లతో కలిపి అర ఎకరము. అంత తక్కువ లోతున ఎండ తగిలి నాచు పెరుగును. నాచు ప్రాణవాయువు నిచ్చును. సూక్ష్మజీవులు కుళ్లును హరించును. ఎండవేడిమికి రోగక్రిములు చాలవరకు నశించును. మడ్డిని ఎప్పటికప్పుడు తీయవలెను. మంచినీటి బావులకు దూరముగ త్రవ్వవలెను. పచ్చిగా తిను కూరలకు ఆ నీరు పెట్టరాదు. పెరడున్న ఇంటివారు స్నానపు నీటికి ఇంకుడుగుంత త్రవ్వుకొన్నచో చెరువుపై భారము తగ్గును.

చెరువు కావలెనని అందరు నందురు. మా దాపున వలదని అందరు నందురు. నీరు పల్లమెరుగును. ఆ పల్లమున తరచుగా ఉండునవి బీదల ఇండ్లే. అడుగువారు లేరని మురుగును వారి వాకిట నిలుపుట న్యాయము కాదు. ఈ అర ఎకరము ఎచ్చట నుండవలెనో ఆ వాడలవారిని ముందు కూర్చుండబెట్టి గ్రామసభలో తేల్చుడని నా ప్రార్థన.

ఎగువ ఊరు మురుగు వదలినపుడు మనము నిందింతుము. దిగువ ఊరికి మనమే ఎగువ. ఎవరి ఖర్చును వారి పుటలోనే వ్రాసికొనవలెను. పొరుగువాని పేర వ్రాయుట దొంగలెక్క. మన ఊరి నీటిలెక్క మన పొలిమేర దాటకమునుపే సరిపడుగాక.