పాత గాలిపనిముట్లు: వాని క్రయము, వాని పోషణము



పంచవృత్తులవారమగు మనకు గాలి క్రొత్త చుట్టము కాదు. కొలిమితిత్తి యాడనిదే కఱ్ఱు సాగదు. ఊదుగొట్టము లేనిదే స్వర్ణకారుని యతుకు నిలువదు. అయితే తిత్తిలోని గాలి నిప్పును మేల్కొల్పునది మాత్రమే. మేమీనాడు విన్నవింపబోవు గాలి, తొట్టిలో బిగియబట్టబడి, సుత్తిని కొట్టునట్టిది, బరమాను త్రిప్పునట్టిది. ఆల్ప్సు పర్వతములక్రింద ఫ్రేజసు సొరంగమును 1857లో చేతిబరమాలతో త్రవ్వ నారంభించిరి. 1861లో సొమ్మెయ్యే యను నింజనీరు ఒత్తిడిగాలితో నడచు బరమాల నందు ప్రవేశపెట్టెను. 1871లో ఆ మార్గమున రైళ్లు నడచెను. నాడు కొండను తొలిచిన యుపాయమే నేడు మన బంటుమిల్లి రోడ్డుప్రక్క రేకులషెడ్డులో లారీచక్రపు నట్లను విప్పుచున్నది.

మన తాతలనాడు కమ్మరికిని వడ్రంగికిని కళ్లములో మేర కొలిచెడివారు. నాగలి పోయెను, బండి పోయెను, వానితో మేరయు పోయెను. ట్రాక్టరు, వరికోత యంత్రము, చేపల రొయ్యల చెఱువుల మోటారులు వచ్చెను. పెడన, కృత్తివెన్ను, ముదినేపల్లి త్రోవలలో మన పిల్లలు పెట్టుకొన్న షెడ్డులన్నియు వీనిపైనే బ్రదుకుచున్నవి. వానికి గాలిగన్ను కావలెను, గ్రైండరు కావలెను, రంగు కొట్టు గన్ను కావలెను. తలుపుల పని చేయువానికి మేకులగన్ను కావలెను. క్రొత్తవి కొనుటకు చేతిలో పైకము చాలదు. 2023లో కేంద్రప్రభుత్వమువారు ప్రవేశపెట్టిన విశ్వకర్మ పథకమున పనిముట్లకై యేర్పఱచిన మొత్తము 15,000 రూపాయలు. అది చేతిపనిముట్లకు సరిపోవునేమోగాని, షెడ్డునంతను నడపగల కంప్రెసరునకు చాలదు. అందువలన మన కుఱ్ఱవాడు ఇల్లాలి మెడలోనిది కుదువబెట్టి, బెజవాడ ఆటోనగరునకు బస్సెక్కును. 1966లో నెలకొన్న ఆ పేటలో పాతసామాను దొరకని దినము లేదు. పాతది కొనుట తప్పని మే మనము. ఏమి చూచి కొనవలెనో తెలియక కొనుటయే ఇల్లాలి సొమ్మును తిరిగి రాకుండ జేయుచున్నది.

మొట్టమొదట చూడవలసినది మోటారు కాదు, రంగు కాదు, ట్యాంకు. ట్యాంకు పైనుండి చెడదు, లోపలినుండి చెడును. గాలితోపాటు వచ్చిన నీరు అడుగున నిలిచి ఇనుమును తినును. అమ్మువాడు పైన పూసిన రంగు నిగనిగలాడుచుండగా, అడుగున రేకు కాగితమంత పలుచనై యుండవచ్చును. కావున అడుగు మరను విప్పించి, దీపము వేసి లోపల చూడుడు. పెచ్చులు పెచ్చులుగా త్రుప్పు రాలినచో మరలి రండు. అడుగున అతుకువేసి వెల్డింగు చేసిన ట్యాంకును ఉచితముగా నిచ్చినను తేవలదు. మనలో వెల్డింగునం దారితేరినవారు కలరు. వారి చేతిపనిని మేము శంకించుటలేదు. పలుచబడిన రేకునకు ఎంత చక్కని యతుకు వేసినను, ఆ ప్రక్కనే చీలుట యినుము స్వభావము.

సందేహము మిగిలినచో నీటిపరీక్ష యొకటి కలదు. ట్యాంకును గాలి యేమాత్రము మిగులకుండ నీటితో నింపి, చేతిపంపుతో, పనిచేయు నొత్తిడికి ఒకటిన్నర రెట్లు ఒత్తిడి పెట్టుదురు. గేజి దిగకుండ నిలిచినచో ట్యాంకు గట్టిది. గాలితో నీ పరీక్ష నెన్నడును చేయరాదు. నీరు నొక్కినను అణగనిది గనుక ట్యాంకు చీలినచో చెమ్మగిల్లి యూరకుండును. అణగియున్న గాలి పైకప్పు నెగురగొట్టును. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 31వ సెక్షనులోనే ఒత్తిడి యంత్రములను సురక్షితమగు నొత్తిడికి మించి నడుపరాదని విధించియుండెను. ఇద్దరు మనుష్యుల షెడ్డు చట్టమునకు చిక్కకపోవచ్చును గాని ట్యాంకునకు చిక్కును. రక్షకవాల్వు ఉంగరమును లాగి చూడుడు. బుస్సుమని విడిచి, వదలగానే మూసికొనవలెను. మేకుతో బిగగొట్టబడిన రక్షకవాల్వును మేము కన్నులార చూచితిమి. అది యెవరిదో చెప్పవలసిన పని లేదు.

ఇక పంపు సత్తువ. పలకపై వ్రాసిన యంకె తఱచుగా పిస్టను త్రోయు ఘనపరిమాణము. నిజముగా చేతికి వచ్చు గాలి అందులో నూటికి 65 మొదలు 75 పాళ్లు మాత్రమే. అమ్మువాని మాటతో పనిలేక గడియారముతో తేల్చుకొనుడు. ట్యాంకులోని గాలినంతను విడిచి, బయటికి పోవు మరను మూసి, మోటారు వేసి, గేజి 6 బారులకు చేరుటకు పట్టిన నిమిషములు లెక్కింపుడు. ట్యాంకు లీటర్లను 6చే గుణించి, నిమిషములచే భాగింపవలెను. 200 లీటర్ల ట్యాంకు 4 నిమిషములలో నిండినచో, నిమిషమునకు 300 లీటర్లు, అనగా పదిన్నర ఘనపుటడుగుల గాలి. అదే 7 నిమిషములు పట్టెనేని రింగులో వాల్వుపలకలో అరిగినవని యెఱుగుడు. అవి మార్చదగినవే. ధర తగ్గించి యడుగుటకు అదియే మంచి సమయము. అయితే విడిభాగములు దొరకు బండి నెన్నుకొనవలెను. పూనాలో 1958లో నెలకొన్న కిర్లోస్కరు న్యూమాటిక్కు, కోయంబత్తూరులో 1960లో వెలసిన ఎల్జీ వంటి మన దేశపు కంపెనీలవి యైనచో రింగులకై వెదుకులాట తక్కువ. ఓడలనుండి దిగిన పేరులేని విదేశపు పంపు ఎంత చౌకయైనను, ఒక్క వాల్వు విఱిగిననాడు ఇనుపకొట్టుపాలగును.

మేకులగన్నునకు ఒక అశ్వశక్తి బండి చాలును. అది గ్రుక్కెడు గ్రుక్కెడుగా త్రాగును. నట్లగన్ను కొంచెము సేపు త్రాగి విశ్రమించును. గ్రైండరు మాత్రము గంగాళము. అది యెడతెగక పీల్చును గనుక మూడు అశ్వశక్తులకు తక్కువ బండితో దానిని కట్టుట వ్యర్థము. పనిముట్టును ముందు నిర్ణయించి, తరువాత బండిని కొనుడు. మనవారు తఱచుగా దీనిని తలక్రిందులు చేయుచున్నారు.

పాత గన్నును కొనునపుడు గాలి పెట్టి, బరువు లేకుండ త్రిప్పి వినవలెను. స్వరము ఏకధారగా నుండవలెను. త్రిప్పినచోటునుండి కదలక, చేతితో తట్టినగాని తిరుగనిచో, లోపలి పలుచని పలకలు నీటితో ఉబ్బి గాడిలో చిక్కినవన్నమాట. కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, పలకలు మార్చినచో పెక్కు గన్నులు బ్రదుకును. గ్రైండరు విషయమున నింత దయ పనికిరాదు. దాని వేగమును అదుపుచేయు గవర్నరును తీసివేసి, ఎక్కువ తిరుగునని చెప్పి యమ్మువారు కలరు. రాతిచక్రముపై వ్రాసిన వేగమునకు మించి తిరిగినచో చక్రము పగిలి ముఖముమీదికి వచ్చును. వేగమును తెలుపు పలక లేని గ్రైండరును, వేగమును కొలిచి చూడక తేవలదు.

కొన్నదానిని కాపాడుట యెట్లు? మన ప్రాంతమునకు ప్రథమ శత్రువు నీరు. బంటుమిల్లి సముద్రమునకు చేరువ. గాలి చెమ్మగలది, ఉప్పగలది. 35 డిగ్రీల వేడిమిలో, నూటికి 80 పాళ్ల తేమగల గాలిని 7 బారులకు నొక్కి చల్లార్చినచో, పైని చెప్పిన 200 లీటర్ల బండి గంట పని చేయునప్పటికి సుమారు అరలీటరు నీటిని వదలును. వేసవి యెద్దడిలో వింతగా దోచినను ఇది లెక్కకు వచ్చిన మాట. ప్రతిసాయంకాలము అడుగు మరను త్రిప్పి ఆ నీరు వదలనివాని ట్యాంకు అచిరకాలములో జల్లెడ యగును. నీటిని పట్టు గిన్నెను పనిముట్టునకు దగ్గఱగా కట్టుడు. బండిప్రక్కనే కట్టినచో గాలి యింకను వేడిగా నుండి, నీరు గొట్టములోనికి పోయి దిగును. ప్రతిదినము పని మొదలిడుటకు ముందు గన్ను నోటిలో గాలిపనిముట్ల నూనె నాలుగు చుక్కలు వేయుడు. ఇంజను నూనె చిక్కనిది, పలకలను అంటించును. రంగు కొట్టు గన్నునకు మాత్రము నూనె చుక్కయైనను తగులరాదు. తగిలినచో రంగు తలుపుపై పొక్కిపోవును. దానికి గొట్టమునే వేఱుగా నుంచుకొనుట మేలు.

గాలికారుటను మనవారు లెక్కచేయరు. కంటికి కానరానిది గదా! 7 బారుల ఒత్తిడిలో 3 మిల్లీమీటర్ల రంధ్రము సెకనుకు 11 లీటర్ల గాలిని కార్చును. 5 అశ్వశక్తుల మోటారు శ్రమయంతయు ఆ రంధ్రమునకే సమర్పణ. సబ్బునీరు కుంచెతో పూసి చూచిన బుడగలు చెప్పును. నీళ్లకు వాడు ప్లాస్టికు గొట్టమును గాలికి వేయుట మఱియొక చౌకబేరము. అది ఎండకు పెళుసెక్కి ఒకనాడు కత్తిముక్కలై చిట్లును. ఇనుపగొట్టమే వేయుడు.

వరదసామాను విషయము చెప్పి తీరవలెను. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను ముంచినది. 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడలో పేటలకు పేటలనే ముంచినది. నీట మునిగిన మోటారు ఎండబెట్టి రంగువేసినపుడు క్రొత్తదానివలెనే తిరుగును, కొంతకాలము. బేరింగుమూత తీసి, నూనె పాలవలె తెల్లబడినదేమో, చుట్టలలో మట్టిగీత యున్నదేమో చూడక పైక మీయకుడు.

పోషక మహాశయులకు మా మనవి. మనలో పనివాడు ఆకస్మికముగా గతించినపుడు, అతని షెడ్డులోని సామాను దినకర్మలు కాకమునుపే బేరగాండ్ర పాలగుచున్నది. ఆ యిల్లాలికి గన్ను విలువ తెలియదు. అడుగుటకు మనుష్యుడు లేడు. కుఱ్ఱవాడు పట్టణమున పుచ్చు ట్యాంకు కొనుచుండగా, ప్రక్కవీథిలో మంచి ట్యాంకు ఇనుపతూకమునకు పోవుచున్నది. సంఘము తరఫున ముగ్గురు పనివారు పోయి, పైని చెప్పిన పరీక్షలు చేసి, తగిన ధర వ్రాసియిచ్చి, ఒక నెలవఱకు మనవారికే మొదట చూపవలెనని మా కోరిక. కొనువానికి పైకము లేనిచో సంఘనిధినుండి వడ్డీలేని యప్పుగా ఇల్లాలి చేతికే నేరుగా ఈయవలెను. నీటిపరీక్షకు చేతిపంపు, మంచి గేజి, వేగము కొలుచు పనిముట్టు సంఘమునకు ఒక్కొక్కటి చాలును. ఈ మూటికై దాతలు ముందునకు రావలయును.

రేపటి యుదయము భోజనముల పందిరి వెనుక మేము గేజిని, సబ్బునీటిని సిద్ధముగా నుంచెదము. తమ గన్నులు, గ్రైండరులు తెచ్చుకొన్నవారికి చూచిపెట్టెదము. ట్యాంకులు తేనక్కఱలేదు, వాని యొద్దకు మేమే వచ్చెదము.