ఎఱిగి చేసిన నేరము



పరుల పుస్తకమునకు గాని, పాటకు గాని, చలనచిత్రమునకు గాని హక్కుదారుని యనుమతి లేక ప్రతులు తీసి అమ్ముట తప్పని మీరెఱుగుదురు. అయినను 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టములోని 63వ సెక్షను ఎఱిగి చేసినవానిని, అందుకు తోడ్పడినవానిని మాత్రమే నేరస్థుడనుచున్నది. శిక్ష 6 నెలలకు తగ్గక 3 ఏండ్ల వఱకు చెఱ, 50,000 మొదలు 2 లక్షల రూపాయల వఱకు జరిమానా. పూర్వపు 1914 చట్టమున మొదటి తప్పునకు జరిమానాయే గాని చెఱ లేదు.

ఒకని మనస్సులోని యెఱుకను న్యాయస్థానమున చూపుట యెట్లు? వాడు తనకు తెలియదనును. కనుక వాని నడతయే సాక్ష్యము కావలెను.

మీ తిరువూరు ప్రాంతపు పెనుగొలనులో నొక చిన్నవాడు సెల్‌ఫోనులలోనికి చిత్రములెక్కించు అంగడి పెట్టెననుకొందము. సినిమాహాలులో నాడుచున్న క్రొత్త చిత్రమును అతడు 20 రూపాయలకే ఎక్కించుచున్నాడు. (ఇంతటి చౌకబేరమును మన సంతలో నెన్నడైన చూచితిమా?) కొన్నట్లు రసీదు లేదు. హక్కుదారుని నోటీసు అందిన మఱునాడును అమ్మినాడు. పోలీసులు వత్తురని వినగనే కంప్యూటరులోనివి తుడిచివైచినాడు. వీనిలో ఏ యొక్కటియు చాలకపోవచ్చును. అన్నియు కూడినచో ఎఱుక తేటపడును. మఱియొకడు టోకు వర్తకునివద్ద ముద్రతో, రసీదుతో, తగిన వెలకు డిస్కులు కొని మోసపోయెననుకొనుడు. సివిలు కోర్టు వాని యమ్మక మాపింపవచ్చును, లాభమును హక్కుదారున కిప్పింపవచ్చును. కాని వాడు నేరస్థుడు కాడు.

మన రాష్ట్రపు వీడియో క్యాసెట్ల కేసొకటి 1996లో సుప్రీంకోర్టునకు పోయినది. హక్కుదారుని వెదకి తెచ్చి సాక్ష్యమిప్పింప నక్కఱలేదనియు, చట్టము ముద్రింపుమన్న నిర్మాత పేరు, చిరునామా మొదలగునవి క్యాసెట్టుపై లేకున్న అదియే ఉల్లంఘనమనియు ఆ కోర్టు చెప్పినది. నాటినుండి ముద్ర లేని పెట్టెయే మాటాడసాగినది.

ఇక మీ పని. ఈ నేరమునకు పోలీసులు వారంటు లేకయే నిర్బంధింపవచ్చునని 2022లో సుప్రీంకోర్టు తేల్చినది. జప్తు చేయునపుడు వారు ఊరిపెద్దలను మధ్యవర్తులుగా పిలుతురు. "దొంగ ప్రతులని తెలిసియే అమ్మితిని" అని నిందితుడు పోలీసుల యెదుట ఒప్పుకొన్నట్లు నివేదికలో వ్రాసియున్నను, ఆ యొప్పుదల వానిపై సాక్ష్యముగా చెల్లదు. మీరు కన్నులార చూచినది చెల్లును: డిస్కులెన్ని, ఏ పెట్టెలో దొరికినవి, వానిపై పేరు కలదా, గోడపై ధరలపట్టీ యున్నదా. చూడనిదానిని చూచినట్లు చేవ్రాలు చేసినచో, ఏండ్ల తరువాత నిందితుని వకీలు ప్రశ్నింపగా మీ మాట జాఱును. నిజముగా ఎఱిగి చేసినవాడు తప్పించుకొనును. అట్లు జాఱకున్నచో, ఏమియు నెఱుగని కుఱ్ఱవాడు చెఱకు పోవును. కావున కాగితమును పూర్తిగా చదివించుకొని వినుడు, తప్పున్నచో దిద్దింపుడు, అటుపిమ్మట చేవ్రాలు చేయుడు.

వ్యాపారలాభమునకు గాక చేసిన తప్పైనచో, న్యాయాధిపతి తగిన కారణములు వ్రాసి 6 నెలలకంటెను తక్కువ శిక్ష విధింపవచ్చును. కనుక గల్లాపెట్టెలో సొమ్మున్నదో లేదో, ఉన్నచో ఎంతయో, అదియు ఆ కాగితములో నుండునట్లు చూడుడు.